చెడిన డిస్కును తీయు విధము

ఆదోని ప్రత్తి యార్డులో వేలము ముగియగానే ఏ రైతు సరుకు ఏ ధరకు పోయినదో వ్రాసికొనవలెను. ఆ లెక్క పోయినచో తగవు తప్పదు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణిలో ఆదోని యార్డు కూడ చేరినందున, ఒకప్పుడు పద్దు పుస్తకములలో ఉండెడి లెక్కలు కంప్యూటర్లకు ఎక్కినవి. ఎమ్మిగనూరు నేతగాండ్రతో మేము జరుపు సంభాషణలను సైతము ఇప్పుడు టేపులలో గాక డిస్కులలోనే దాచుచున్నాము. డిస్కు ఎన్నడో ఒకనాడు చెడి తీరును.

పెద్ద కంప్యూటరు గదులలో పలు యంత్రముల డిస్కులనన్నిటిని కలిపి ఒకే భాండారముగా వాడుదురు. దీనిని క్లస్టర్ అందురు. దానిపై వర్చువల్ యంత్రములనెడి ఊహాయంత్రములు పని చేయుచుండును. ప్రతి సమాచారమునకు రెండో మూడో ప్రతులు వేర్వేరు యంత్రములలో ఉండును. చవుక డిస్కులను జతపరచి నమ్మకము సాధించు పద్ధతిని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు వివరించిరి. క్లస్టర్ ఆ ఆలోచనను ఒక పెట్టెనుండి పలు పెట్టెలకు విస్తరింపజేసినది.

మగ్గము చూచినవారికి తక్కినది సులభముగా బోధపడును. పడుగులో ఒక పోగు తెగినను నేత సాగుచునే యుండును, గుడ్డ మాత్రము ఆ మేర పలుచబడును. క్లస్టరు కూడ డిస్కు పోయినంతమాత్రమున ఆగదు. అపాయమంతయు అందే ఉన్నది. ఏమియు ఆగలేదు గదా అని చెడిన డిస్కును చటుక్కున లాగివేయుదురు.

మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఆ డిస్కులోని సమాచారము వేరొకచోట పూర్తిగా ఉన్నదా? సెఫ్ అను వ్యవస్థలో దీనిని పరీక్షించుటకే ఒక ఆజ్ఞ కలదు. డిస్కు కనబడకపోయిన వెంటనే అది ప్రతులు తీయదు, సామాన్యముగా 10 నిమిషములు చూచును. వీశాన్ అనునది 60 నిమిషములు చూచును, డిస్కు నిజముగా చెడినదని తెలిసినచో మాత్రము తక్షణమే పని మొదలిడును. యంత్రమును ఎవరో ఆపి మరల నడుపుచుండవచ్చును గనుక ఈ ఓపిక. ప్రతులు నిండిన పిమ్మటనే ఆ డిస్కు పేరును జాబితానుండి తొలగింపవలెను.

ఇక చేతిపని. మాకొకసారి ఇక్కడనే పొరపాటు జరిగినది. యంత్రము అరలను సున్నతో మొదలిడి లెక్కించును, మేము ఒకటితో లెక్కించితిమి. మూడవ సంఖ్య అనగా నాలుగవ అర అని తోచక, ప్రక్కనున్న మంచి డిస్కును లాగితిమి. మూడవ ప్రతి ఉండబట్టి ఒక ముదుసలి నేతగాని కంఠము మాకు దక్కినది. నాటినుండి అరను నమ్మక డిస్కుపై ముద్రించిన క్రమసంఖ్యను చదువుచున్నాము. చెడిన డిస్కు దీపము వెలుగనిచో తక్కినవాటి దీపములన్నియు వెలిగింతుము, చీకటిగా ఉన్నదే మనకు కావలసినది.

తిరుగుడు డిస్కును కొంచెము వెలికి లాగి, లోని పళ్లెము నిలుచువరకు అర నిమిషమాగి, పిమ్మట తీయవలెను. క్రొత్తది పాతదానికంటె చిన్నది కారాదు. అది నిండుటకు గంటలు పట్టవచ్చును. అంతవరకు వేరొక డిస్కు జోలికి పోరాదు. తీసిన డిస్కును పాతసామానులవానికి అమ్మరాదు. అందులో రైతు బ్యాంకు ఖాతా సంఖ్య ఇంకను చదువవీలుగా ఉండవచ్చును, కావున దానిని ధ్వంసము చేసియే పంపవలెను.