మెడ వెనక పట్టీ

మండల సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టు యూనిట్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగం



పోయినేడు ఇదే సభలో మా యూనిట్ లెక్కలు చదివాం. ఈసారి లెక్కలు పుస్తకం వెనక పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. మేము మాట్లాడాలనుకున్నది రెండంగుళాల గుడ్డముక్క గురించి. మెడ వెనక కుట్టే పట్టీ, లేబుల్ అంటామే, అది.

పెడన నుంచి కలంకారీ అద్దకం గుడ్డ తెచ్చి ఆడపిల్లల గౌన్లు, కుర్తీలు కుడుతున్నాం. మొదట్లో లేబులే లేదు. తర్వాత ఫ్లెక్సీ షాపు తమ్ముడి చేత ఒక బొమ్మ వేయించాం. కుట్టు మిషను, నెమలి, తామరపువ్వు, చుట్టూ సమాఖ్య పూర్తి పేరు, మొత్తం అయిదు రంగులు. కంప్యూటర్ మీద చూసి మురిసిపోయాం. పట్టీ మీదికి వచ్చేసరికి నెమలి కోడిలా ఉంది, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పైగా రెండు ఉతుకులకే రంగు దిగి తెల్ల గౌను మెడకు అంటింది. ఆ గౌను తిరిగొచ్చింది. తప్పు తమ్ముడిది కాదు. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది, లేబుల్ చేత్తో పట్టుకుని చూసేది. ఎక్కడ పెడతామో చెప్పకుండా బొమ్మ అడిగింది మేమే.

దారి చూపింది పెడన అద్దకమే. అక్కడ టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతారు. రంగుకో అచ్చు. రంగులు పెరిగేకొద్దీ అచ్చులూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. స్క్రీన్ ప్రింటింగులోనూ అంతే. ఇది రోజూ చూస్తూ కూడా మా పట్టీకి అయిదు రంగులు పెట్టుకున్నాం! ఇప్పుడు ఒక్క నలుపే. ‘మూడు కుట్లు’ అన్న పేరు, కింద మూడు గీతలు. అక్షరాలు ‘మండలి’ ఫాంటులో ఉన్నాయి. మన దివిసీమ మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టిన ఫాంటు అది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ డబ్బు అడగరు. ఆ గుర్తును చిన్న అచ్చుగా చెక్కించాం. నూలు టేపును కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, బెల్లం, ఇనుప తుప్పు ఊరబెట్టిన నీళ్ళతో అద్దితే నలుపు తేలుతుంది. కరక్కాయ మానేస్తే ఆ నలుపు రాదు. ఉతికి ఉతికి చూశాకే గౌన్లకు కుట్టాం.

ఇక అసలు గొడవ. టౌనులో ఒక షాపు మా గౌన్లు కొన్నది. పండక్కి అక్కడికి వెళ్ళిన మా సభ్యురాలు చూస్తే, మా పట్టీ కత్తిరించి వాళ్ళ పట్టీ కుట్టారు. ధర రెట్టింపు. మా కుట్టు మాకు తెలియదా? అడిగితే, “లేబుల్ లేకుండా ఇవ్వండి, ఇంకా ఎక్కువ పీసులు తీసుకుంటాం” అన్నారు. ఆ రాత్రి మీటింగులో గొంతులు లేచాయి. కొందరం ఒప్పుకోవద్దన్నాం. కొందరం, కిస్తీ కట్టేటప్పుడు బ్యాంకు లేబుల్ అడగదు కదా అన్నాం. రెండు మాటలూ నిజమే. చివరికి ఆ షాపుకు మామూలు గుడ్డ నైటీలు లేబుల్ లేకుండా కుట్టిస్తున్నాం. పెడన గుడ్డ గౌన్లు మాత్రం పట్టీ లేకుండా ఎవరికీ ఇవ్వం. మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించాలి. ఊరి పేరు పెడదామనుకున్నాం గానీ, ఊరి పేర్లకు నమోదు దొరకడం కష్టమట. బట్టలు 25వ తరగతి కింద వస్తాయి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, ఉద్యం నమోదు ఉన్న చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావాళ్ళకు 9,000. నమోదు 10 ఏళ్ళు ఉంటుంది, తర్వాత మళ్ళీ కట్టుకోవాలి.

దరఖాస్తు ఎవరి పేరున వేస్తే గుర్తు వాళ్ళదే. మా లీడరు అక్క, “నా పేరున వేస్తే 4,500తో పోతుంది” అంది. ఆమె మనసులో కల్మషం లేదు. అయినా మేము వద్దన్నాం. రేపు ఆమె యూనిట్ మానేస్తే? ఆమె తర్వాత అది ఎవరి చేతికి పోతుంది? రెండు వారాలు మాతో సరిగా మాట్లాడలేదు. ఈ సంగతి ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాం. ముందు వరుసలోనే కూర్చుంది, నవ్వుతోంది చూడండి.

అందుకే సమాఖ్య పేరున వేయించమని అడుగుతున్నాం. ఉద్యం కాగితాలు సీసీ గారు చూస్తున్నారు. అవి రాకపోతే 9,000 అవుతుంది, అందులో సగం మా యూనిట్ పెట్టుకుంటుంది. తీర్మానం ఎజెండాలో ఆరో అంశం.

పాత పట్టీ, కొత్త పట్టీ రెండూ టీ బల్ల పక్కన పెట్టాం. కళ్ళజోడు తీసి చదివి చూడండి. ఏ అక్షరం కనపడలేదో ఆరో అంశం వచ్చేలోపు మాకు చెప్పండి.