పది అడుగులకు ఒక అంగుళం



బేతంచెర్ల అంటే బండలకు పేరు. ఇక్కడి నాపబండలు ఎన్నో ఊళ్లలో ఇళ్లకు నేల అయ్యాయి. ఆ బండలు మోసిన చేతుల్లో ఆడవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి.

ఈ ఊరి దగ్గరే బిల్లస్వర్గం గుహలు ఉన్నాయి. వాటిని ఎవరు తవ్వారు? మనుషులు కాదు, నీళ్లు. వాన నీళ్లు సున్నపురాతి సందుల్లోకి దిగి, వేల ఏళ్లపాటు రాయిని కరిగించాయి. అట్లా గుహలు ఏర్పడ్డాయి.

రాతినే తొలిచే నీళ్లకు మట్టి గోడ ఒక లెక్కా?

రేకుల ఇంటిని చూడండి. వాన పడితే రేకుల అంచు నుంచి నీళ్లు ధారగా కారతాయి. గోడ మొదట్లో గుంట పడుతుంది. గోడ నానుతుంది, పెళ్లలు రాలతాయి. ఒక్కోసారి గోడే కూలుతుంది. ఆ గోడ పక్కనే పిల్లలు పడుకుంటారు కదా!

ఇంకో సంగతి. ఇది కరువు సీమ. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 67 సెంటీమీటర్లే. నీళ్ల కోసం బిందె పట్టుకుని పోయేది ఎవరు? ఆడవాళ్లే. కప్పు మీద పడిన నీళ్లు గోడను తింటాయి. ఇంట్లో బిందె మాత్రం ఖాళీ!

ఒక చిన్న లెక్క వేద్దాం. కప్పు పొడవు 20 అడుగులు. వెడల్పు 10 అడుగులు. ఒక సెంటీమీటరు వాన పడింది. చిందినవి, ఆవిరైనవి పోగా సుమారు 150 లీటర్లు చేతికి వస్తాయి. అంటే 15 లీటర్ల బిందెలు 10. ఒక్క వానకు పది బిందెలు!

ఆ నీళ్లు పట్టాలంటే రేకుల అంచు కింద దోనె కట్టాలి. రేకును వంచి చేయవచ్చు. ప్లాస్టిక్ పైపును నిలువునా రెండుగా కోసి కూడా కట్టవచ్చు. అయితే దోనె కడితే చాలదు. దానికి వాటం ఉండాలి. వాటం అంటే నీళ్లు పారే వాలు.

వాటం లేకపోతే ఏమవుతుంది? నీళ్లు నిలుస్తాయి. ఆకులు, దుమ్ము పేరుకుంటాయి. దోమలు గుడ్లు పెడతాయి. బరువుకు దోనె వంగుతుంది. నీళ్లు మధ్యలోనే పొర్లి మళ్లీ గోడ మీదనే పడతాయి.

వాటం మరీ ఎక్కువైతే? దోనె రెండో కొస రేకుకు చాలా కిందికి పోతుంది. పెద్ద వానలో నీళ్లు దోనెను దాటి బయటికి దూకుతాయి.

మరి ఎంత ఉండాలి? 10 అడుగులకు ఒక అంగుళం. ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు. 20 అడుగుల దోనెకు 2 అంగుళాలు. ఇల్లు 40 అడుగులు ఉంటే మధ్య నుంచి రెండు పక్కలకూ వాటం ఇవ్వాలి. అప్పుడు ఒక్కో పక్క 2 అంగుళాలే అవుతుంది.

దీన్ని కంటితో చూసి చెప్పలేం. నేల సమంగా ఉండదు. రేకుల అంచూ సమంగా ఉండదు. కొలవాలి. ఎట్లాగంటే:

1. లోపలి నీళ్లు కనిపించే సన్నని ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. బుడగలు లేకుండా నీళ్లు నింపండి.

2. గోడకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు గొట్టాన్ని ఎత్తి పట్టుకోండి. రెండు కొసలూ తెరిచి ఉంచండి. నీళ్లు కదలకుండా ఆగిన చోట రెండు వైపులా గీత గీయండి. ఈ రెండు గీతలూ ఒకే మట్టంలో ఉంటాయి.

3. తొట్టి ఉన్న వైపు గీతకు కిందుగా 2 అంగుళాలు కొలిచి ఇంకో గీత గీయండి.

4. పై కొసన ఉన్న గీత నుంచి ఈ కింది గీతకు దారం బిగించి కట్టండి. ఆ దారం వెంబడే మూడేసి అడుగులకు ఒక ఇనుప పట్టీ కొట్టించండి. పట్టీల మీద దోనె పెట్టండి.

5. పై కొసన ఒక చెంబు నీళ్లు పోయండి. ఎక్కడా ఆగకుండా తొట్టిలోకి పోయాయా? వాటం కుదిరినట్టే. ఎక్కడైనా ఆగితే అక్కడ పట్టీ సరిచేయించండి.

నిచ్చెన ఎక్కితే కింద ఒకరు గట్టిగా పట్టుకోవాలి.

మొదటి వాన నీళ్లు తొట్టిలోకి పోనీయకండి. కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు అందులో ఉంటాయి. తర్వాత వచ్చే నీళ్లు పట్టండి. తొట్టికి మూత పెట్టండి. వారానికోసారి దోనె శుభ్రం చేయండి. ఈ నీళ్లు బట్టలకు, అంట్లకు, పశువులకు పనికొస్తాయి. సున్నపురాతి నేలలో బావి నీళ్లకు సబ్బు సరిగా నురగ రాదు. వాన నీళ్లకు బాగా వస్తుంది.

బేల్దారి మేస్త్రీ వచ్చి దోనె కట్టి, "అంతా సరిగానే ఉందమ్మా" అంటాడు. ఊరికే తల ఊపవద్దు. "అన్నా, పది అడుగులకు అంగుళం వచ్చిందా? గొట్టం పట్టి చూద్దాం రా" అనండి.

టేపు మీద అంకెలు నిన్నటిదాకా గీతలే. ఈ రోజు వాటిని చదవడం వచ్చింది. నీళ్లు మోసేది ఆడవాళ్లయినప్పుడు, వాటం చూసే చేయి కూడా ఆడవాళ్లదే కావాలి.