దొరబావి వంతెనా, మన అర్జీ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "కొండ రైళ్ళు, వారసత్వ హోదా". గుంటూరు మిర్చి ఘాటు తప్ప కొండ ఘాటు ఎరగని వాళ్ళం, మనకెందుకీ గొడవ అని కార్యదర్శిగారితో అన్నాను. ఆయన వినలేదు. ఆలోచిస్తే మనకూ సంబంధం ఉంది, కొంత తప్పూ ఉంది.

ముందు నాలుగు వివరాలు. మన దేశంలో యునెస్కో గుర్తించిన కొండ రైళ్ళు మూడు. డార్జిలింగుకు 1999లో, నీలగిరికి 2005లో, కాల్కా-సిమ్లాకు 2008లో ఆ గౌరవం దక్కింది. డార్జిలింగుది రెండడుగుల పట్టా, సిమ్లాది రెండున్నర. చాలామంది నీలగిరిదీ నేరో గేజే అనుకుంటారు, కాదు. అది మీటర్ గేజి. అంటే మన గుంటూరు నుంచి నరసరావుపేట, దొనకొండ, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల పోయిన పాత చిన్న బండికి వరసకు చుట్టమే. తెలుగునాట అసలు నేరో గేజి నౌపడా-గుణుపూరు లైను. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో మొదలైంది. దాన్నీ 2004లో ఆపి వెడల్పు చేశారు.

నేను గిద్దలూరు తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరింది 1974లో. దిగువమెట్ట దాటగానే నల్లమల ఎక్కడం మొదలు. చెలమ, బొగద, గాజులపల్లె. బొగద అంటేనే సొరంగం, స్టేషను పేరే దారి చెబుతుంది. ఆ మధ్యలో దొరబావి వంతెన, 1880 దశకంలో కట్టింది. దాని మీద బండి నడిచేది కాదు, పాకేది. శివరాత్రికి మా అమ్మను మహానంది తీసుకెళుతుంటే, లోయ కనబడగానే కొంగు కళ్ళకడ్డం పెట్టుకుని "దాటామా నాయనా, దాటామా" అని అడుగుతూనే ఉంది. దాటి చాలాసేపయ్యాక కూడా నేను చెప్పలేదు. ఆ కుర్రతనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

అదే బండి మా మేనమామను ముంచింది. ఆయనది చిన్న మిర్చి వ్యాపారం. చిన్న బండిలో వచ్చిన సరుకు గేజి మారే చోట దింపి, హమాలీలు మోసి, పెద్ద వ్యాగన్లకెక్కించాలి. ఎక్కడని చెప్పను గానీ, ఒక ఏడు ఆయన నలభై టిక్కీలు అలా దింపిన చోటే వానకు తడిశాయి. ఎర్రకాయ తాలయింది. ఆ అప్పు తీరడానికి రెండు పంటలు పట్టింది. పత్తి బేళ్ళవారికీ ఇవే తిప్పలు.

అందుకే పెద్ద గేజి కావాలని ఊరివాళ్ళు అర్జీ పెడదామంటే, దాన్ని చిత్తు రాసింది నేను, టైపు కొట్టింది నేను. 1992లో దేశమంతా ఒకే గేజి చేయాలని రైల్వేవారు పథకం పెట్టారు, ఆ దశకంలోనే మన లైనూ మారింది. మంచిదే. ఈ మాట వెనక్కి తీసుకోను. పాత బండి తీపి గుర్తులు చెప్పుకునేవాళ్ళెవరూ తడిసిన టిక్కీల ఖరీదు కట్టలేదు.

కానీ లైను మార్చినప్పుడు దారి మళ్ళించి పాత వంతెనను వదిలేశారు. గర్డర్లు విప్పేశారు, స్తంభాలు అడవిలో మిగిలాయి. నా అర్జీలో పట్టా వెడల్పు ఉంది, సరుకు లెక్క ఉంది, వంతెన ఊసు ఒక్క ముక్క లేదు. రాసుంటే ఆగేదా? ఆగకపోవచ్చు. అయినా ఫైలులో ఒక కాగితం ఉండేది. కాగితం విలువ మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

హోదా వస్తే సరిపోదు. మన లైఫ్ సర్టిఫికెట్టు లాంటిది అక్కడా ఉంది. ఆరేళ్ళకో వంతున ఆ కట్టడం ఎలా ఉందో ప్రభుత్వం యునెస్కోకు నివేదించుకోవాలి. మనకు ఏటేటా, వాళ్ళకు ఆరేళ్ళకు, అదృష్టవంతులు. ఆ మూడు రైళ్ళూ నేటికీ జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి కాబట్టే వాటికా విలువ. మన కంభం చెరువు చూడండి. విజయనగర రాజుల నాటిది, గుండ్లకమ్మ నీళ్ళతో నిండేది. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అదీ మ్యూజియంలో బొమ్మ కాదు, పొలాలకు నీళ్ళిచ్చే చెరువు.

దొరబావికి బండి మళ్ళీ రాదు. అది పులులు తిరిగే అడవి, జనాన్ని తోలుకెళ్ళమని నేననను. నేనడిగేది చిన్నది. మిగిలిన స్తంభాలను ఉన్నవున్నట్టు ఉంచాలి. గిద్దలూరు, నంద్యాల స్టేషన్లలో వంతెన ఫొటో, కథ తెలుగులో పెట్టాలి. మనలో ఎవరి పెట్టెలోనైనా పాత టిక్కెట్లు, పాసులు, ఫొటోలు ఉంటే సంఘానికివ్వండి, నకలు తీసుకుని తిరిగి ఇస్తాం.

అర్జీ చిత్తు రాసి తెచ్చాను. టీ పెట్టిన బల్ల మీద ఉంది, పక్కనే పెన్నుంది. కళ్ళజోడు మరిచిపోయినవారికి చదివి వినిపించాకే సంతకం పెట్టించుకుంటాను.