బహుపాక్షిక వాణిజ్య చర్చలు: ఆశకు ఆధారమెక్కడ?



బహుపాక్షిక వాణిజ్య చర్చలకు భవిష్యత్తు ఉందా? ఉందనే నా నమ్మకం. అయితే కొత్త ఒప్పందాలు రాసుకోవడం కన్నా ముందు, ఉన్నవాటిని అమలు చేయించే ఏర్పాటును నిలబెట్టుకోవాలని నా మనవి.

1947లో 23 దేశాలు సుంకాలు, వాణిజ్యాలకు సంబంధించిన గాట్ ఒప్పందం చేసుకున్నాయి; అందులో మన దేశమూ ఉంది. ఎనిమిది విడతల చర్చల ఫలితంగా 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. నేడు సభ్యులు 166. ఏ ఒక్కరు అడ్డు చెప్పినా నిర్ణయం ఆగిపోతుంది. అన్ని అంశాలూ తేలితేనే ఒప్పందమన్న షరతుతో 2001లో మొదలైన దోహా విడత నేటికీ కొలిక్కి రాలేదు. అంతటి విడత మళ్లీ వస్తుందని ఎదురుచూడటం వృథా.

2008 జూలైని గుర్తుచేస్తాను. ఆ నెలాఖరున జెనీవాలో మంత్రుల చర్చలు విఫలమయ్యాయి. దిగుమతులు వెల్లువెత్తితే రైతుల కోసం సుంకం పెంచుకునే వెసులుబాటు దగ్గర భారత్, అమెరికా పట్టు విడవలేదు. అదే నెలలో, అదే నగరంలో, సభ్యదేశాల వివాదాల్లో అప్పీళ్లు వినే ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పిలేట్ బాడీ ఒక తీర్పు ఇచ్చింది. రొయ్యల దిగుమతిదారులు డంపింగ్ వ్యతిరేక సుంకంతో పాటు భారీ అదనపు బాండు కూడా ఇవ్వాలన్న అమెరికా షరతు చెల్లదని తేల్చింది. ఫిర్యాదు చేసిన దేశాల్లో మనదీ ఒకటి. మరుసటి ఏడాది అమెరికా ఆ షరతును ఎత్తేసింది. బేరం కుదరని చోట కూడా న్యాయం దక్కింది.

నేడు ఆ అండ లేదు. అప్పిలేట్ బాడీ సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. ఓడిన దేశం అప్పీలు చేస్తే కేసు అక్కడే ఆగిపోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం దాకా సుంకం వేసినప్పుడు, కిలోకు ముప్పై నలభై తూగే పెద్ద రొయ్యను ఆ మార్కెట్‌నే నమ్ముకుని పెంచిన ఆంధ్ర ఆక్వా రైతు గోడు అరణ్యరోదనే అయింది.

బియ్యం సంగతీ చూడండి. 2018-19లో క్వింటాలు ధాన్యానికి కనీస మద్దతు ధర 1,750 రూపాయలు. ప్రపంచ వాణిజ్య సంస్థ రాయితీ లెక్కల్లో దాన్ని పోల్చింది ఆనాటి ప్రపంచ ధరతో కాదు, 1986-88 నాటి ధరతో: టన్ను బియ్యానికి సుమారు 262 డాలర్లు. మధ్యకాలపు ధరల పెరుగుదల అంతా రాయితీ కిందే జమ! అలా మన లెక్క ఉత్పత్తి విలువలో 10 శాతమన్న పరిమితి దాటింది. పరిమితి దాటినా ఫిర్యాదుల నుంచి కాపాడేలా 2013లో బాలిలో కుదిరిన శాంతి నిబంధనను వాడుకున్న మొదటి దేశం మనదే. ప్రభుత్వ ఆహార నిల్వల సమస్యకు శాశ్వత పరిష్కారం మాత్రం ఇంకా దొరకలేదు.

అయినా నిరాశపడనక్కర్లేదు. సరిహద్దుల్లో సరుకుల తనిఖీని సులువు చేసే ఒప్పందం 2017లోను, చేపల వేట రాయితీల ఒప్పందం 2025లోను అమల్లోకి వచ్చాయి. ఒక్కో అంశాన్ని విడిగా తీసుకుంటే సభ్యులందరినీ ఒప్పించవచ్చని ఇవి చూపాయి.

అందుకే మన దేశం వద్దని చెప్పడంతో ఆగకూడదు. పాత ధరను ఏ సూచీతో సవరించాలో, ఎగుమతి దేశాల భయాలు తీర్చడానికి నిల్వల వివరాలు ఎంతవరకు వెల్లడించాలో లిఖితపూర్వకంగా ప్రతిపాదించాలి. ఆ లెక్కలు కట్టవలసింది ఈ సభలో ఉన్న ఆర్థికశాస్త్ర అధ్యాపకులు, పరిశోధకులే. అప్పిలేట్ బాడీ పునరుద్ధరణకు మనం పట్టుబట్టడం లోకోపకారం కోసం కాదు; బలం చాలని వాడికే నియమం కావాలి, వాణిజ్యంలో మన బలం ఇంకా చాలదు. పత్ర సమర్పణలు ఈ దృష్టితో సాగాలని కోరుతూ సదస్సును ప్రారంభిస్తున్నాను.