మహమ్మారి తొలినాళ్ళలో ఇంటి సరకులు



ఇంటి యిల్లాలు సంచి పట్టుకొని అంగడికి పోయి కిలో కందిపప్పు తెచ్చుట సభలో ముచ్చటింపదగిన విషయమా యని కొందరికి తోపవచ్చును. యుద్ధములు, సంధులు, ఎన్నికలు చరిత్రకెక్కును. పప్పు, ఉప్పు, చింతపండు పద్దు పుస్తకముతోనే ముగియును. అయినను 2020 మార్చి, ఏప్రిల్ మాసములలో ఢిల్లీ నగరమున రామకృష్ణాపురము, సరోజినీనగరు, లోధీకాలనీ వంటి ప్రభుత్వోద్యోగుల నివాసములలో కాపురమున్న తెలుగు కుటుంబముల వారిని అడుగుడు. ఆ దినములలో ముందుగా వారికి జ్ఞప్తికి వచ్చునది ఆసుపత్రి కాదు, అంగడియే.

ఆ సంవత్సరము జనవరి 30న కేరళ రాష్ట్రమున మన దేశపు తొలి కోవిడ్ రోగి గుర్తింపబడెను. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించెను. అప్పటికి నగరమున కరవైనవి తిండి వస్తువులు కావు. ముఖమునకు కట్టుకొను మాస్కులు, చేతులకు రాచుకొను శానిటైజరు. మార్చి 13న కేంద్ర ప్రభుత్వము ఈ రెంటిని 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రిందికి దెచ్చెను. 21వ తేదీన ధరలు కూడ నిర్ణయమయ్యెను: 200 మిల్లీలీటర్ల శానిటైజరు సీసా 100 రూపాయలకు, రెండు పొరల మాస్కు 8 రూపాయలకు, మూడు పొరలది 10 రూపాయలకు మించరాదు. ఉత్తరువు చక్కగనే యున్నది. కాని మందుల దుకాణమున సరకే లేనప్పుడు గోడకు అంటించిన ధర యెవరికి మేలు చేయును? ఏప్రిల్ 4న ఆరోగ్యశాఖవారు ఇంట కుట్టుకొన్న గుడ్డ తొడుగులు చాలునని చెప్పిన పిదప ఆ సమస్య కొంత తీరెను. పాత పంచెలు, చీర చెంగులు, మూలపడిన కుట్టుమిషన్లు మరల పనిలోనికి వచ్చినవి.

మార్చి 22, ఆదివారమున జనతా కర్ఫ్యూ జరిగెను. 24, మంగళవారము రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి దేశమునుద్దేశించి ప్రసంగించి, ఆ యర్ధరాత్రి నుండి 21 దినములు దేశమంతయు లాక్‌డౌన్ అని ప్రకటించిరి. మరునాడే ఉగాది; శార్వరి నామ సంవత్సరారంభము. పండుగ సరకులు మరునాటి ఉదయము తెచ్చుకొనవచ్చునని ఊరుకొన్నవారు, ఆఫీసునుండి ఆలస్యముగా వచ్చినవారు, పండుగతో పనిలేని యితర భాషలవారు, అందరును ఒక్కమారుగా వీధిలోనికి వచ్చిరి. రేషను దుకాణములు, కిరాణా, పండ్లు, కూరగాయలు, పాలు, మాంసము, చేపల యంగళ్ళు తెరచియే యుండునని హోంశాఖవారు ఆ సాయంకాలమే స్పష్టముగా మార్గదర్శకములు వెలువరించిరి. కాని ఆ కాగితము జనమునకు చేరులోపల జనము అంగడికి చేరిరి. అర్ధగంటలో ఉల్లి, బంగాళాదుంప, గోధుమపిండి అయిపోయిన దుకాణములు కలవు.

ఢిల్లీలో ఉగాదినాటికి వేప సాధారణముగా పూయదు. అప్పుడప్పుడే ఆకు రాల్చి చిగురించుచుండును. అందుచేత వేపపువ్వును ఊరినుండి ఎండబెట్టి తెచ్చుకొని డబ్బాలో దాచుకొనుట యిచ్చటి తెలుగువారికి అలవాటు. చేదుకు లోటు లేకపోయెను. లోటయినది మామిడికాయ. ఆ యేడు నిమ్మకాయ పిండి పచ్చడి చేసికొని, పంచాంగ శ్రవణము టెలిఫోనులో విని పండుగ జరుపుకొన్న కుటుంబములు పెక్కు.

ఆ రాత్రి కొన్నదెంత, అవసరమెంత యని ఒక లెక్క వేయుడు. నలుగురున్న సంసారమునకు నెలకు పాతిక కిలోల బియ్యము పట్టుననుకొనుడు. వీధి చివరి కిరాణాకొట్టువాడు వారమునకు ఎంత సరకు పోవునో అంతకు కొంచెము మించియే తెచ్చిపెట్టుకొనును; అంతకన్న పెట్టుబడి వానికి లేదు. ఒక గృహస్థు భయపడి మూడు నెలల బియ్యము ఒకేమారు మోసికొనిపోయినచో, దేశమున బియ్యము ఒక్క గింజయైనను తగ్గదు గాని, ఆ కొట్టులో మరి రెండు కుటుంబముల నెల బియ్యము మాయమగును. ఆ మార్చిలో భారత ఆహార సంస్థ గిడ్డంగులలో 5 కోట్ల టన్నులకు మించి బియ్యము, గోధుమలు నిలువయుండెను. అట్టి నిలువ యుండగా నగరమున పిండి దొరకకపోవుటకు కారణము ధాన్యపు కొరత కాదు. ఒక వంక భయము, మరియొక వంక సరకును మోసి, కుట్టి, తోలి, దించు మనుష్యులు కదలలేకపోవుట.

ఈ రెండవ కారణమును నగరవాసులు అంతకు పూర్వము అంతగా గమనింపలేదు. నిత్యావసర సరకుల లారీలకు మాత్రమే మొదట అనుమతి యుండెను. బిస్కట్లు నిత్యావసరములే; వాటిని పెట్టు అట్టపెట్టె యేమి? సరకు దించి ఖాళీగా తిరిగిపోవు లారీ యేమి? సరిహద్దున నిలుచున్న పోలీసు జవానుకు ఈ ప్రశ్నలకు సమాధానము తెలియదు. తెలియనప్పుడు ఆపుటయే క్షేమము. మార్చి 29న హోంశాఖవారు నిత్యావసరము, కానిది అను భేదము లేక అన్ని సరకుల రవాణాకును అనుమతి యిచ్చిరి. అయినను దారిలో భోజనపు ధాబాలు మూతపడియుండెను. డ్రైవర్లు చాలమంది ఊళ్ళకు పోయియుండిరి. ఆజాద్‌పూరు మండీలో ఏప్రిల్ నడుమ నుండి టోకెన్ల మీద, దుకాణముల సంఖ్యలను బట్టి సరి బేసి పద్ధతిన వ్యాపారము నడిపించవలసి వచ్చెను. కూర ధర పొలములో పడిపోయి, పట్టణములో పెరిగినది. రైతు టమాటా కోయించుటకు కూలి గిట్టక వదలివేయుచుండగా ఇచ్చట గృహిణి ధర విని వెనుదిరిగెను.

ఇందులో తెలుగుదేశమునకు సంబంధించిన మంచిమాట ఒకటి కలదు. రేణిగుంట నుండి ఢిల్లీకి పాల ట్యాంకర్లు ఎంతో కాలముగా ప్రయాణికుల రైళ్ళకు తగిలించి పంపబడుచుండెడివి. ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోవుటతో ఆ పాలును నిలిచినవి. అంతట దక్షిణమధ్య రైల్వేవారు మార్చి 26 నుండి రేణిగుంట, హజ్రత్ నిజాముద్దీను స్టేషనుల నడుమ పాలకొరకే ప్రత్యేకముగా ‘దూధ్ దురంతో’ రైలు నడిపిరి. ఒక్కొక్క ట్యాంకరు 40,000 లీటర్లు. ఆరు ట్యాంకర్లకు 2 లక్షల 40 వేల లీటర్లు. దాదాపు 2,300 కిలోమీటర్ల దూరము. చిత్తూరు ప్రాంతపు పాడిరైతుకు పాలు పారబోయవలసిన యవస్థ కొంత తప్పెను. రాజధానిలో బిడ్డలకు పాలు అందెను. నాడు ఢిల్లీలో పాల పొట్లమును సబ్బుతో కడిగి లోనికి తెచ్చిన ఆంధ్ర గృహిణులలో ఆ పాలు తమ రాయలసీమవి కావచ్చునని యెరిగినవారు బహు కొద్దిమంది.

సబ్బు మాట వచ్చినది గావున ఒక సంగతి. నాడు వంకాయలను ఉప్పునీట నానబెట్టిరి. వార్తాపత్రికను ఎండలో పెట్టిరి. చిల్లర నాణెములను కడిగిరి. మరికొందరు పత్రికనే మానివేసిరి. వస్తువులను ముట్టుటవలన ఈ వ్యాధి సోకుట తక్కువయనియు, మూసిన చోట్ల, గుంపులలో, శ్వాసవలననే ఎక్కువగా వ్యాపించుననియు శాస్త్రజ్ఞులు పిమ్మట తేల్చిరి. అనగా వంకాయ కంటె, దానిని కొనుటకై 24వ తేదీ రాత్రి ఒకరినొకరు త్రోసికొనుటయే అపాయకరము. ఆ తరువాత కేంద్రీయ భండారు ముందర, పాల బూతుల ముందర సున్నముతో గీసిన గుండ్రములలో జనము నిలిచిరి. “ఇది మన మడియే గదా, పెద్దలు ముందే చెప్పిరి” అని ఆ దినములలో పలువురు మురిసిపోయిరి. ఆ పోలిక సరియైనది కాదు. మడి పుట్టుకను బట్టి మనిషిని ఎడముగా నిలిపినది. ఈ సున్నపు గుండ్రము జాయింటు సెక్రటరీని, ఆయన ఆఫీసు ప్యూనును ఒకే కొలత యెడముగా ఒకే వరుసలో నిలిపినది.

స్వగ్రామములనుండి వచ్చు టెలిఫోను కబుర్లును ఇట్టివే. ఆంధ్రప్రదేశమున ఉదయపు కొద్ది గంటలు మాత్రమే అంగళ్ళు తెరచిరి. విజయవాడ వంటి పట్టణములలో రైతుబజార్లను విశాలమైన మైదానములకు మార్చిరి. హైదరాబాదున ఇంటినుండి మూడు కిలోమీటర్లు దాటి సరకులకు పోరాదనిరి. తండ్రికి మందులు అందినవా, పక్కింటివారు కూరలు తెచ్చియిచ్చుచున్నారా యని వేయి మైళ్ళ దూరమునుండి విచారించుటయే ఇచ్చటి కొడుకులు, కోడండ్రు చేయగలిగినది.

కాలనీ ద్వారముల కథ వేరు. నివాసుల సంఘములు కటకటాలు మూసి, పనిమనుష్యులను, తోపుడుబండ్లవారిని లోనికి రానీయమనిరి. వ్యాధి విదేశములనుండి విమానములలో దిగినది. అనుమానము మాత్రము అంట్లు తోము మనిషి మీద పడెను. పనిమాన్పించినను జీతమిచ్చిన యిల్లాండ్రు కలరు, ఇయ్యనివారును కలరు. బండివాని పేరడిగి, మతమును బట్టి కూరలు కొనుటయో వెళ్ళగొట్టుటయో జరిగినట్లు ఆ ఏప్రిల్ మాసమున పత్రికలలో వచ్చెను. చదువుకొన్నవారు నివసించు వీధులలో ఇది జరుగుట సిగ్గుచేటు. అదే వారమున ఫోను మీద సరకులు పంపు పెద్ద కంపెనీలు తారీఖు ఇయ్యలేక చేతులెత్తినవి; పద్దు పుస్తకమున అరువు వ్రాసికొని బియ్యమిచ్చినవాడు వీధి చివరి కిరాణాకొట్టువాడే.

నెలజీతము గలవాడు మాత్రమే నెల సరకు కొనగలడు. ఉద్యోగులు దీనిని అలవాటు అనుకొందురు గాని, అది యొక వసతి. కేంద్రోద్యోగులకు మార్చి జీతము ఎప్పటివలెనే ఏప్రిల్ తొలి పనిదినమున బ్యాంకులో పడెను. ఏనాటి కూలితో ఆనాటి పిండి కొనువానికి 25వ తేదీన కూలి లేదు. 27కు పిండి లేదు. మార్చి 28, 29 తేదీలలో ఆనంద్‌విహార్ బస్సు స్టేషనులో వేలకొలది కార్మికులు మూటలతో, పిల్లలతో గుమిగూడిన చిత్రములను చూచి, ఇంటిలో ఉండుడని చెప్పినను వీరేల వినరని గద్దించినవారు కొందరు. వారికి ఢిల్లీలో ఉన్నది ఇల్లు కాదు, అద్దెగది. ఆ గదిలో బియ్యపు డబ్బా లేదు.

ప్రభుత్వము కదలలేదనుట న్యాయము కాదు. మార్చి 26ననే దాదాపు 80 కోట్ల మందికి మూడు నెలలు మనిషికి 5 కిలోల బియ్యము లేక గోధుమలు, కుటుంబమునకు కిలో పప్పు ఉచితమని ప్రకటించిరి. ధాన్యము చాలవరకు చేరెను. నాఫెడ్ వారి గిడ్డంగులలో పప్పు మిల్లుపట్టని గింజగా ఉండుటచే అది ఆలస్యమయ్యెను. అంతకన్న పెద్ద చిక్కు కార్డుది. బీహారు కూలివాని రేషనుకార్డు బీహారులో ఉండెను. వాడు ఢిల్లీలో ఉండెను. ఢిల్లీ ప్రభుత్వమువారు కార్డు లేనివారికి తాత్కాలిక కూపన్లు ఇచ్చిరి. దానికి ఫోను, ఆధారు సంఖ్య, దరఖాస్తు కావలెను. కార్డు లేని వలస కార్మికులకు రెండు నెలల ధాన్యమని కేంద్రము చెప్పునప్పటికి మే నెల నడిమికి వచ్చినది. ఏ ఊరి కార్డు నైనను ఢిల్లీలో చూపి ధాన్యము పొందు ఏర్పాటు 2021 జూలై నాటికి గాని అమలు కాలేదు. సెక్రటేరియటులో ఫైలు నడుపువారికి ఈ తేదీల నడిమి యెడములు సామాన్యముగ కనిపింపవచ్చును. ఆ యెడములలోనే జనము కాలినడకన ఊళ్ళకు పోయిరి.

ఏప్రిల్ 20 నుండి డిప్యూటీ సెక్రటరీలు, అంతకు పైవారు అందరును, తక్కిన సిబ్బందిలో మూడవవంతును ఆఫీసులకు పోవలసి వచ్చెను. 23న కరవుభత్యపు వాయిదాలు నిలిపివేయు ఉత్తరువు వచ్చినది. దానిపై కాలనీలలో గొణుగుడు కలిగెను. అందులో అన్యాయము లేదు, ధరలు పెరిగియే యుండెను. భత్యపు రేటు 2021 జూలై నుండి మరల పెరిగినను గడచిన నెలల బకాయిలు రాలేదు. కాని జీతము ఆగలేదు.

ఆ వేసవి ఆవకాయ సంగతి కూడ చెప్పవలెను. ఢిల్లీలో కాయ దొరకినను, ఊరిలో అత్తగారు కొట్టించిన కారము, గానుగ నూనె ఉండవు గదా! ప్రతియేట తెలంగాణా ఎక్స్‌ప్రెస్సులోనో, ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సులోనో ఎవరో ఒక బంధువు బట్టతో వాసెన కట్టిన జాడీని ఒడిలో పెట్టుకొని తెచ్చెడివారు. 2020లో ప్రయాణికుల రైళ్ళు మే 12న కొలదిగాను, జూన్ 1న మరికొన్నిగాను కదలెను. జాడీలు ఊళ్ళలో అటకలపైననే ఉండిపోయినవి. చేతనైనవారు ఇచ్చటి కాయతో, కిరాణాకొట్టు ఆవపిండితో కలుపుకొనిరి. అది కొంచెము చేదెక్కినదని, అయినను ఆ యేడు ఒక్క బద్దయు పారవేయలేదని ఆ ఇండ్లలో ఇప్పటికిని చెప్పుకొందురు.