పెరటిలో కాడ ఉల్లి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

గ్రంథాలయ రజతోత్సవమున ఉల్లిని గూర్చి ప్రసంగమేమని కొందరు నవ్వుకొనవచ్చును. కాని పుస్తకమైనను, విత్తనమైనను బీరువాలో దాచినచో ఫలమీయదు. అందును ఉల్లివిత్తనమునకు ఆయువు మిక్కిలి స్వల్పము.

అంగడిలోని ఉల్లికాడ తరచు గడ్డ ఉల్లినే లేతగా పెరికినది. నేను చెప్పబోవునది గడ్డ ఊరని వేరొక జాతి. చీనా, జపాను దేశములలో ఇది ప్రాచీనకాలమునుండి సాగులోనున్నది. లిన్నేయస్ పండితుడు 1753లో దీనికి 'ఏలియం ఫిస్టులోసమ్' అని పేరిడెను. గొట్టమువలె బోలుగానుండు ఆకులను బట్టి వచ్చిన పేరది. జపానువారు 'నెగి' యందురు. వారి ఫుకాయా పట్టణపు రకమున, మన్ను ఎగదోసి పెంచిన తెల్లని కాడ ప్రధానము. క్యోటో ప్రాంతపు 'కుజో' రకమున పచ్చని ఆకు ప్రధానము. పిలకలు విరివిగా వేయు కుజో వంటి రకమే మన పెరటికి మేలు.

మన మైదానములలో విత్తుటకు అక్టోబరు, నవంబరు మాసములు అనుకూలము. నీరు నిలువని ఎత్తుమడి కట్టి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. నల్లని విత్తులను అర అంగుళమునకు మించని లోతున వేసి, మెత్తని మన్ను కప్పి, నీరు చిలుకరింపవలెను. వారము పదిదినములలో మొలకలు వంగిన సూదులవలె పైకి వచ్చును. జానెడు ఎదిగిన నారును రెండు మూడంగుళముల ఎడముతో నాటవలెను. వేళ్లు పైపైననే యుండును గాన మడి ఎండరాదు, కలుపు పెరుగరాదు.

విత్తు కొనునపుడు పొట్లముపై తేదీ చూడుడు. మన ఉక్కకు, తేమకు ఏడాది తిరుగకముందే దాని సత్తువ తగ్గును. సందేహమున్నచో పది విత్తులను తడిగుడ్డలో చుట్టి యుంచుడు. పది దినములలో సగమైనను మొలకెత్తకున్న దానిని నమ్మరాదు.

మరియొక చిక్కు కలదు. తగినంత చలి తగిలినగాని ఈ మొక్క సాధారణముగా పూయదు. కావున మన ఎండసీమలో ఏటేట సొంతవిత్తు దొరకునని ఆశింపరాదు. అయినను ప్రకృతి వేరొక దారి చూపినది. మొక్క మొదలుచుట్టు పిలకలు వేసి గుంపు కట్టును. దానిని త్రవ్వి, విడదీసి నాటి, వేసవిలో మధ్యాహ్నపు నీడయు నీరును కల్పించినచో వంశము నిలుచును. కోయునపుడును వేరుతో పెరుకక, రెండంగుళములు విడిచి కోసినచో మరల చిగిర్చును.

కావున నా మనవి యిది. ఈ ఏట కొందరైనను నారు పోయుడు. గ్రంథాలయ ఆవరణలో ఒక మడి నాటుడు. ఒక పిలక కొనిపోయినవారు మరుసటి ఏట రెండు తిరిగి యీయుడు. పుస్తకమునకు గడువున్నట్లే పిలకకును గడువు పెట్టుకొందము. ఒకరి పెరటిలో ఎండినది మరియొకరి పెరటిలో బ్రతికియుండును. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపినదియు ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే గదా!