కిటికీ అవతలి గుమాస్తా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు కంప్యూటరు విభాగంలో పనిచేశానని, ఈ ఆన్‌లైన్ వ్యవహారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. తెర మీద ఏ మీట నొక్కాలో మీ మనవలు నాకంటే బాగా చెబుతారు. కనుక తెర అవతల జరిగే పని గురించి మనవి చేస్తాను.

మన ఆఫీసులో కిటికీ ఉండేది. బయట అర్జీదారు, లోపల గుమాస్తా, ఆ వెనక రికార్డు రూము. వెబ్‌సైటు కూడా అంతే. మన ఫోను కిటికీ, సర్వరు గుమాస్తా, డేటాబేసు రికార్డు రూము. ఇంటర్నెట్‌లో బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే పద్ధతిని హెచ్‌టీటీపీ అంటారు. ఈ పద్ధతిలో గుమాస్తాకు మతిమరుపు ఎక్కువ. ఒక కాగితం అందుకుని జవాబు ఇవ్వగానే మనల్ని మరచిపోతాడు. రెండో కాగితం ఇస్తే "తమరెవరు?" అంటాడు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లి అనే ఇంజనీరు కుకీ అనే ఏర్పాటు చేశారు. అది మన చేతికిచ్చే టోకెను. ఆ టోకెను నంబరు మీద లోపల మన ఫైలు తెరిచి ఉంటుంది. దానినే సెషన్ అంటారు. కళ్లజోడు కోసం లేచి వెళ్లి వచ్చేసరికి "సెషన్ ముగిసింది" అని కనిపిస్తే విసుగు చెందవద్దు. యజమాని లేనప్పుడు ఫైలు బల్ల మీద తెరిచి ఉంచకూడదని మనకూ నియమం ఉండేది కదా!

1993 ప్రాంతంలో వచ్చిన సీజీఐ పద్ధతిలో, వచ్చిన ప్రతి అర్జీకి ఒక కొత్త గుమాస్తాను నియమించి, పని కాగానే పదవీ విరమణ ఇచ్చేవారు. పది మంది వస్తే సరిపోయేది, పది వేల మంది వస్తే ఆఫీసు కుప్పకూలేది. 1997లో జావా సర్వ్‌లెట్లు వచ్చాయి. ఇందులో గుమాస్తా శాశ్వత ఉద్యోగి, ఒకేసారి పలువురి పని చూడగలడు. రికార్డు రూము తాళాలు కూడా మనిషికొకటి చేయించకుండా, కొన్నే ఉంచి, వాడినవారు తిరిగి కొక్కేనికి తగిలించే పద్ధతి పెట్టారు. దీనిని కనెక్షన్ పూల్ అంటారు. తాళం తీసుకున్నవాడు తిరిగి పెట్టకపోతే వెనకవారంతా నిలబడిపోతారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉండడానికి ఇదొక కారణం.

ఇక డబ్బు సంగతి. ఒక ఖాతాలో ఖర్చు రాసి, రెండో ఖాతాలో జమ రాసేలోపు కరెంటు పోతే? రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. దీనికి ట్రాన్సాక్షన్ అని పేరు. ఈ రంగంలో చేసిన కృషికి జిమ్ గ్రే అనే శాస్త్రవేత్తకు 1998లో ట్యూరింగ్ అవార్డు లభించింది. క్యాషు బుక్కు టాలీ కానిదే ఇంటికి వెళ్లని మనకు ఇది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. ఆమధ్య ఒక బిల్లు 1,840 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టాను. చక్రం తిరుగుతూ ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. రెండుసార్లు డబ్బు పోయింది. అడగడానికి వెళితే అక్కడి కుర్రవాడు, "పెద్దాయనా, మీరు రెండుసార్లు నొక్కారు, మేమేం చేస్తాం?" అన్నాడు. వెనకనున్నవారు నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఇంటికి వచ్చి ఆలోచించాను. మన ఆఫీసులో ఒకే అర్జీ రెండుసార్లు వస్తే ఏం చేసేవాళ్లం? ఇన్‌వర్డు రిజిస్టరు చూసి, "ఇది ఫలానా నంబరున నమోదయింది" అని చెప్పేవాళ్లం. సర్వరులోనూ ఆ పద్ధతి ఉంది. ఫారం చూపించేటప్పుడే దానికొక ప్రత్యేక సంఖ్య వేయాలి. అదే సంఖ్యతో రెండోసారి వస్తే డబ్బు తీయకుండా మొదటి రశీదే చూపాలి. ప్రోగ్రామర్లకు ఇది తెలిసిన విద్యే. కనుక రెండుసార్లు నొక్కడం నా నేరం కాదు, రెండుసార్లు పుచ్చుకోవడం ప్రోగ్రాము లోపం. ఈ మాటే రెండు రిఫరెన్సు నంబర్లతో రాసి ఇచ్చాను. నెల తిరిగేసరికి సొమ్ము తిరిగి జమ అయింది.

మంచి సర్వరు మరో రెండు నియమాలు పాటించాలి. పేరు రాసే గడిలో దుర్మార్గులు డేటాబేసుకు ఆజ్ఞలు రాస్తారు. కనుక ఆజ్ఞను ముందే సిద్ధపరచి, మనం రాసినదాన్ని కేవలం వివరంగానే లోపలికి పంపాలి. రెండోది, మన పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచకూడదు. హ్యాష్ అనే లెక్కతో మార్చి దాచాలి. పిండిని తిరిగి బియ్యం చేయలేనట్లే, దాని నుండి పాస్‌వర్డును వెనక్కి తీయడం సాధ్యం కాకూడదు. లోపలివారికే అవసరం లేని పాస్‌వర్డును ఫోనులో అడిగేవాడు ఎవడో మీరే గ్రహించండి. ఓటీపీ సంగతీ అంతే.

2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ మనందరికీ సంబంధించినది. ప్రమాణ్ నంబరు మెసేజీ రాగానే పని పూర్తయిందనుకోవద్దు. సర్టిఫికెట్టు తయారయ్యేది ఒకచోట, దానిని ఆమోదించవలసింది పెన్షను చెల్లించేవారు. అది తిరస్కరణకు గురికావచ్చు కూడా. ఆమోదం పొందిందో లేదో చూసుకోండి. ప్రమాణ్ నంబరు జీవితకాలానికి సరిపోయేది కాదు, గడువు తీరితే కొత్తది తీసుకోవాలి.

చివరగా నా మనవి. చక్రం ఆగిపోతే మళ్లీ నొక్కకండి. ముందు ఖాతా చూసుకోండి, రిఫరెన్సు నంబరు డైరీలో రాసుకోండి. తేడా వస్తే రాతపూర్వకంగా అడగండి. వయసు మీద పడిందని, మనకు తెలియదని సిగ్గుపడకండి. ముప్పయ్యేళ్లు రిజిస్టర్లు తప్పులేకుండా నడిపినవాళ్లం మనం. కిటికీ అవతల ఉన్న కొత్త గుమాస్తా కూడా ఆ నియమాలే పాటించాలని అడిగే హక్కు మనకుంది.